ముత్యం పాటలో నాలుగో చరణం

కరోనాకు సూరత్ మొత్తం బందై మూడో రోజు. అయినా ఎక్కడో సాంచెలు నడుస్తున్నాయి. ముత్యానికి ఖాయంగా వినిపిస్తోంది.

సచిన్ పారిశ్రామిక ఎస్టేట్ వెనక రెండంతస్తుల చాలీ అది. ఇరవై నాలుగు గదులు. ఇరవై నాలుగింటిలోనూ మగవాళ్లు లుంగీలు కట్టుకుని గోడలు చూస్తూ కూర్చున్నారు. సాంచె అంటే మరమగ్గం. దాని ముందు రోజుకు పన్నెండు గంటలు నిలబడే మనిషికి కూర్చోవడం కూడా సరిగ్గా రాదన్న సంగతి ఈ మూడు రోజుల్లో అందరికీ తెలిసొచ్చింది. ఒక కాలు చాచి, ఒక కాలు ముడిచి, మళ్లీ లేచి, నీళ్లు తాగి, మళ్లీ కూర్చుని.

ముత్యం కిటికీ ఊచలు పట్టుకుని తల పక్కకు వంచాడు. "ఇనుండ్రి. మన సేఠ్ షెడ్డే. మనల్నేమో ఇంట్ల కూసోమని, లోపల ఎవళ్లనో పెట్టి నడిపిస్తుండు."

అతని కూతురు సంగీత పుస్తకం మీంచి తలెత్తింది. బీకాం ఆఖరు సంవత్సరం. పుట్టింది, పెరిగింది సూరత్‌లోనే. "బాపూ, కుఛ్ భీ నహీ హై. సబ్ బంద్. పిట్టల సప్పుడు దప్ప ఏం లేదు."

"నీకేం తెలుసు? సాదా సాంచెలు. నాలుగన్న నడుస్తున్నయి."

భార్య స్వరాజ్యం కింద కూర్చుని చీరల వెనక వేలాడే ఎంబ్రాయిడరీ దారాలు కత్తిరిస్తోంది. బందుకు ముందు తెచ్చిన మూట అది. తిరిగి తీసుకుపోయేవాడు ఎప్పుడొస్తాడో తెలియకపోయినా ఆమె చేతులు ఆగలేదు. ఆమె భర్త మొహం ఒకసారి చూసింది, కూతురి మొహం ఒకసారి చూసింది, మళ్లీ చీర తిప్పింది.

కింది గదిలో ఉండే దేవదాస్ మెట్లెక్కి వచ్చాడు. ముత్యానికి వరసకు బావ, షెడ్డులో పక్క సాంచె వాడు. ముత్యం అతనికీ అదే మాట చెప్పాడు. "నాకు గూడ ఇనవడుతుంది బావా. పొద్దటి నుంచి అదే సోంచాయిస్తున్న. ఎంత అన్యాయం జూడు."

ఇద్దరూ మూతులకు చేతిరుమాళ్లు కట్టుకుని బయల్దేరారు. వాళ్లు చాలీ గేటు దాటుతుంటే దేవదాస్ భార్య ఎల్లవ్వ పోలీసులున్నారని వెనకనుంచి గట్టిగా అరిచింది. ఒక్కడూ తిరిగి చూడలేదు. ఆమె రెండోసారి అరవలేదు. చీపురు తీసుకుని లోపలికి పోయింది.

షెడ్డు ముందు కాపలా ముసలాయన స్టూలు మీద కునుకుతున్నాడు. షట్టరుకు తాళం. ముత్యం నేరుగా పోయి రెండు అరచేతులూ షట్టరుకు ఆనించాడు. లోపల సాంచెలు ఆడుతుంటే ఆ రేకు వణుకుతుంది. బయట చాయ్ గ్లాసు పెడితే నడుచుకుంటూ పోయి కింద పడేంత వణుకు. ఇప్పుడు రేకు ఎండకు కాలుతోంది తప్ప కదలడం లేదు. దేవదాస్ కూడా చెయ్యి పెట్టాడు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"అందర్ కోఈ నహీ భాయ్, చూహే హై" అన్నాడు ముసలాయన, ఒక కన్ను తెరిచి. లోపల ఎలుకలు తప్ప ఎవరూ లేరట.

ముత్యానికి చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతను రెండు చూపుడువేళ్లు చెవుల్లో పెట్టుకున్నాడు. బయటి చప్పుడైతే తగ్గాలి. ఇది పెరిగింది. తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. దేవదాస్ కూడా అతన్ని చూసి వేళ్లు పెట్టుకున్నాడు. నడివీధిలో యాభయ్యేళ్ల మనుషులిద్దరు చెవుల్లో వేళ్లు పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడితే ఎవరైనా నవ్వుతారు. వాళ్లకు మాత్రం నవ్వు రాలేదు.

"బావా, ఇది బయట లేదు" అన్నాడు దేవదాస్.

షెడ్డులో ఎవరూ లేరన్న సంగతి తిరిగొచ్చాక ఇద్దరూ ఇంట్లో చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఊళ్లోనే అడాజన్ నుంచి ప్రణయ్ సంగీతకు ఫోన్ చేశాడు. సూరత్‌లోని తెలుగువాళ్ల కోసం రోజూ సాయంత్రం ఫోన్లలో పాటల కార్యక్రమం పెడుతున్న కుర్రాడు. కరీంనగర్‌లో పాటలు రికార్డు చేసే కంపెనీ ఒకటి ఆ కార్యక్రమం చూసి పాటలు ఏరుకుంటోందట. ముత్యం అంకుల్ సాంచె పాట కావాలి, ఆయన గొంతులోనే కావాలి అన్నాడు.

ముత్యం నిన్నటి షట్టరును ఆ క్షణంలో మరిచిపోయాడు. ఈ చాలీలో, చుట్టుపక్కల బస్తీల్లో ఇరవై రెండేళ్లుగా మార్కండేయ జయంతికైనా, పెళ్లికైనా, బోనస్ అడిగిన నాడైనా పాట అంటే ముత్యం పాటే. సాంచె ముందు నిలబడి నోటితో కట్టేవాడు. తెగిన పోగు ముడేస్తూ ఒక చరణం, దారం కండె మారుస్తూ ఒక చరణం. ఆ మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు కనుక దేవదాస్ అతని పెదాలు చూసి అందుకునేవాడు, దేవదాస్ పెదాలు చూసి పక్కవాడు. సాయంత్రానికి షెడ్డంతా పాడేది. కానీ ఆ గొంతు ఇంతవరకు చాలీ గేటు దాటలేదు. కరీంనగర్ దాకా పోవాలి, ఒక్కసారి పోతే చాలు, అనేది ముత్యం కోరిక. దాన్ని ఎవరికీ చెప్పుకోలేదు గానీ చాలీలో తెలియనివాళ్లు లేరు.

తలస్నానం చేసి, పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని గది మధ్యలో నిలబడ్డాడు. సంగీత ఫోన్ పట్టుకుంది. ముత్యం కళ్లు మూసుకుని అందుకున్నాడు.

చాలీ అంతా నిశ్శబ్దంగా ఉంది. ఇన్నేళ్లలో సాంచెల మోత లేకుండా ఆ గొంతు చాలీకి వినిపించడం ఇదే మొదటిసారి. వరండాలో ఎవరో మాట ఆపేశారు. ఒక పిల్ల కిసుక్కుమంటే తల్లి దాని మూతి నొక్కింది. ఇవేవీ ముత్యానికి తెలియవు. కళ్లు తెరిచి చూసేసరికి కూతురు ఫోన్ వంకే చూస్తోంది.

"ఎట్లుంది?"

"బాగుంది." ఇంకా ఫోన్ వంకే చూస్తోంది. "బాపూ, జర మెల్లగ పాడు. ఒర్రకు."

"ఒర్రుతున్ననా?" అతనికి నిజంగా ఆశ్చర్యమేసింది. "లోపటి గొంతుతోని పాడుతున్న కదనే!"

మూడుసార్లు పాడించింది. మూడోసారి పంపించింది. అరగంటకు ప్రణయ్ ఫోన్ వస్తే తీసుకుని వరండా చివరికి పోయింది. ముత్యం కిటికీలోంచి చూస్తున్నాడు. బిడ్డ అంత దూరం పోయి మాట్లాడుతోందంటే తండ్రికి వినపడకూడదనే. దూరం సరే, మొహం ఇటే తిప్పి నిలబడింది. పెదాలు చదవడం సాంచెల మనిషికి అన్నం తినడం లాంటిదని ఆ పిల్లకు గుర్తు లేదు.

"శ్రుతి కాదు ప్రణయ్ భాయ్" అంటున్నాయి సంగీత పెదాలు. "బాపుకు చెవుడు. చాన ఏండ్లాయె. ఆయనకే తెల్వదు." ఆగింది. అవతలివాడేదో అన్నాడు. "ఆఁ, బతుకమ్మల పాడిన ట్యూన్ వేరే. అది అమ్మ కట్టింది. బాపు పాటలన్నిటికీ అమ్మనే కడ్తది. హా, సారే గానే. ఆయనకు ఎట్ల చెప్పాలె? తుమ్ హీ బోలో."

ముత్యం కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. చెవుడన్న మాట ఒకవైపు, అమ్మనే కడ్తది అన్న మాట ఒకవైపు. దేనికి ముందు ఉలిక్కిపడాలో అతనికి అర్థం కాలేదు. పాటలు మెచ్చుకుని భుజం తట్టినవాళ్లంతా గుర్తొచ్చారు. వాళ్లు మెచ్చుకున్నది ఏ పాటను?

సంగీత లోపలికొచ్చి, నెట్ బాగాలేదట బాపూ, మళ్లీ చేస్తాడట, అంది. అతను సరేనని తలూపాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

మధ్యాహ్నం స్వరాజ్యం నీళ్లకు పోయినప్పుడు కూతురి ఫోన్ అడిగి తీసుకున్నాడు. ప్రణయ్ పంపిన వీడియో అందులో ఉంది. పోయినేడు ఆశ్వయుజంలో, చాలీ ముందు మైదానంలో బతుకమ్మ ఆట. ఆ రోజు ముత్యం అక్కడే ఉన్నాడు. మగవాళ్ల మధ్య కుర్చీ వేయించుకుని, తన పాటకు వంద మంది ఆడవాళ్లు చప్పట్లు కొడుతుంటే ఎదురుగా కూర్చున్నాడు. పాట మధ్యలో ఒకచోట ఆడవాళ్లంతా తనవైపు చూసి నవ్వారు. ఆ నవ్వును ఆరు నెలలుగా తలుచుకుని మురిసిపోతున్నాడు.

ధ్వని పూర్తిగా పెంచి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. చప్పట్లు తెలిశాయి. అంతకు మించి ఏదో సన్నగా, గోడవతల మనుషుల్లాగా. విసుగొచ్చి ధ్వని మొత్తం తీసేశాడు. షెడ్డులో చూసినట్టు చూశాడు.

స్వరాజ్యం మొహం దగ్గరగా ఉంది. ఆమె అంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. మొదటి చరణం తనదే. రెండోది తనదే. మూడోది, కండె మీద కట్టింది, తనదే. నాలుగోది తనది కాదు.

వెనక్కి తిప్పాడు. మళ్లీ చూశాడు. ఏడెనిమిది సార్లు చూస్తే గానీ మాటలన్నీ చిక్కలేదు.

సాంచెకు చెవులిచ్చె ఉయ్యాలో
నాకేమి మిగిలెనె ఉయ్యాలో
మెట్ల మీద పడితి ఉయ్యాలో
ముమ్మారు పిలిస్తి ఉయ్యాలో
పాట కట్టుకుంటుండె ఉయ్యాలో
పలుకలేదమ్మ ఉయ్యాలో

పలుకలేదమ్మ అన్నచోట ఆడవాళ్లందరి తలలూ ఒకవైపు తిరిగాయి. నవ్వారు. ఫోన్‌లో ఆ వైపు ఎవరున్నారో కనపడదు. ముత్యానికి తెలుసు.

ఆరేళ్ల కిందట, ఆదివారం, ఆమె నీళ్ల బిందెతో ఈ మెట్ల మీదే పడింది. అతను గదిలో ఉన్నాడు. తలుపు తీసే ఉంది. ఎల్లవ్వ వచ్చి అతని భుజం పట్టి కుదిపేదాకా ఆమె పడ్డట్టు తెలియదు. ఆమె ఎడమ చెయ్యి భుజం దగ్గర విరిగింది. సరిగ్గా అతకలేదు, ఇప్పటికీ భుజం దాటి లేవదు. దవాఖానాలో డాక్టరు ముందే అతను ఆమెను తిట్టాడు. నోరు లేదా నీకు, పిలిస్తే రానా, పక్కనే చచ్చిన కదా అని తిట్టాడు.

స్వరాజ్యం బిందె దించి లోపలికొచ్చింది. అతని చేతిలో ఫోన్ చూసింది, మొహం చూసింది. సంగీత లేచి ఎల్లవ్వ అత్త దగ్గరికి పోతున్నానని కిందికి వెళ్లిపోయింది.

"పిలిచినవా?" అన్నాడు ముత్యం.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా, అతనికి ఎదురుగా కూర్చుంది. ఎప్పుడు మాట్లాడినా ఆమె అలాగే కూర్చుంటుంది. అది మర్యాద అనుకున్నాడు ఇన్నేళ్లూ. మర్యాద కాదని, తను పెదాలు చదువుకోవడానికేనని ఇప్పుడు తెలిసింది.

"మూడుసార్లు పిలిచిన" అంది.

"మరి దవాఖానల నేను గన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదే?"

"డాక్టర్ ముంగట నా మొగనికి ఇనరాదని చెప్పాల్నా? నీకే తెల్వకపాయె. చెప్తే ఏం జేస్తవు? సాంచె ఇడిచిపెడ్తవా?"

"గందుకని పాటల పెడ్తవా? నలుగురిల్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"కోపమొచ్చింది, పెట్టిన." ఆమె గొంతు పెంచిందో లేదో అతనికి తెలియదు, మొహం మాత్రం మామూలుగానే ఉంది. "నువ్వు ఇంటికొచ్చి పాట పాడుతవు. ఒక్కటే తీరుగ ఒర్రుతవు. మాటలు మంచిగుంటయి. దారాలు కత్తిరిచ్చుకుంట దాన్ని నేను సాపు జేస్త. ఆడోళ్లకు నేర్పిస్త. అందరు ముత్యం పాట అంటరు, నేను గూడ అట్లనే అంట. నేనెన్నడన్న నాది అన్ననా?"

"అనాలె. అనకపోతివి."

"అంటే ఇననీకి ఎవలున్నరు?"

ముత్యం లేచి గోడ వైపు తిరిగాడు. గోడ వైపు తిరిగితే ఆమె మాటలు ఆగిపోతాయి. అలా ఎన్నిసార్లు తిరిగాడో, ఆమె ఎన్ని మాటలు వీపుకు చెప్పిందో. అవమానం, సిగ్గు, కోపం అన్నీ కలిసి వచ్చాయి. వాటిలో కోపానికే నోరుంది. అందుకని అదే మాట్లాడింది.

"నువ్వే పాడు" అన్నాడు గోడతో. "నా గొంతు పనికిరాదన్నరు కదా. కానీ ఆ చరణం తీసెయ్. లోకమంత ఇంటది అది."

తిరిగి చూశాడు. "తీసేస్త" అన్నాయి ఆమె పెదాలు. అంత తేలిగ్గా ఒప్పుకుంటే అతనికి ఇంకా మంటెత్తింది. ఆ రాత్రి అన్నం కెలికి లేచాడు.

మర్నాడు పొద్దునే ప్రణయ్‌తో మాట్లాడి సంగీత అంతా సిద్ధం చేసింది. గదిలో గొంతు మారుమోగుతోందని మెట్ల పైన వరండాలో పెట్టింది. స్టూలు మీద స్టీలు డబ్బా, డబ్బాకు ఆనించి ఫోన్. పాట ముత్యం, గానం స్వరాజ్యం అని వేస్తారట. పనుల్లేవు గనుక చాలీలోని ఆడవాళ్లంతా మూతులకు కొంగులు అడ్డం పెట్టుకుని మెట్ల మీదా, గడపల్లోనూ దూరం దూరంగా కూర్చున్నారు. పాట మొదలయ్యేసరికి వెంట అందుకోవడానికి ఒక్కొక్కరూ కొంగులు దించేశారు. ఎల్లవ్వ మూడో మెట్టు మీద బియ్యం చేట ఒళ్లో పెట్టుకుంది. పక్కనే దేవదాస్, బావ పాట కరీంనగర్ పోతోందని గడ్డం గీసుకుని మరీ వచ్చాడు.

స్వరాజ్యం అందుకుంది. ముత్యం ఫోన్ పక్కన నిలబడి ఆమె పెదాలనే చూస్తున్నాడు. మొదటి చరణం, రెండోది, మూడోది. ఆమె ఉయ్యాలో అనే ప్రతిసారీ మెడ మీద నరం ఒకటి లేచి పడుతోంది. తన మాటలు ఆమె నోట్లో ఎలా ఉన్నాయో అతనికి ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి అప్పుడు, అక్కడ, మెట్ల పైన నిలబడి ఉండగా తట్టింది.

మూడో చరణం అయిపోయింది. స్వరాజ్యం పెదాలు మూసింది. ముక్కుతో గాలి పీల్చుకుంది. అన్న మాట ప్రకారం నాలుగోది వదిలేసి అయిదోది అందుకుంది.

కింద పెదాలు ఆమెతో రాలేదు.

ముత్యం ముందు పొరబాటు అనుకున్నాడు. ఒక మెట్టు దిగి చూశాడు. సాంచెకు చెవులిచ్చె ఉయ్యాలో. అందరి నోళ్లూ అదే అంటున్నాయి. నాకేమి మిగిలెనె ఉయ్యాలో. ఆ తరవాత నోళ్లు విడిపోయాయి. మెట్ల మీద పడితి అని ఒక్కరూ అనడం లేదు. పదో నంబరు గదిలోని వెంకటవ్వ, బిడ్డకు ఫిట్స్ వచ్చె అంటోంది. గడపలో కూర్చున్న కొత్త కోడలు, పాలబుడ్డి పగిలి కాలు తెగె అంటోంది. ఇంకొకామె పొయ్యి, ఇంకొకామె తేలు. ఎవరి మాట వాళ్లది. ముమ్మారు పిలిస్తి అన్నచోట అందరూ మళ్లీ కలిశారు. చేతిలో ఏ పని ఉన్నా ఆపకుండా, ఎవరి వంకా చూడకుండా పాడుతున్నారు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

స్వరాజ్యం తన పాట ఆపేసింది. భయంగా భర్త వంక చూసి, నేను చెప్పలేదు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. సంగీత ఫోన్ మీద వేలు పెట్టి, ఆపాలా అని సైగ చేసింది.

ముత్యం వద్దన్నాడు. ఆపొద్దు, నడవనీ అని చేత్తో చూపించాడు. తరవాత భార్యను చూసి, ఆమెకు తెలిసేలా, నోరు విప్పి మెల్లగా అన్నాడు: "పాడు. నీదే పాడు."

కింద దేవదాస్ మోకాలి మీద దరువేస్తూ మహా హుషారుగా తలాడిస్తున్నాడు. ముత్యం చూశాడని తెలిసి చెయ్యెత్తాడు. "జోర్దారున్నది బావా! మన సాంచె పాట!"

ముత్యం మూడు మెట్లు దిగి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు, తన మూతి కనపడేలా. "నన్ను గాదు. ఎల్లవ్వ మూతి సూడు."

దేవదాస్ నవ్వుతూనే తిరిగాడు. ఎల్లవ్వ చేటలోంచి తలెత్తింది. ఆపలేదు. మొగుడి మొహంలోకి చూస్తూ, షెడ్డులో మాట్లాడుకున్నట్టు ఒక్కో మాటా పెదాల మీద నిలబెట్టి పాడింది. కాన్పు నొప్పులొచ్చె ఉయ్యాలో. గోడ గుద్ది పిలిస్తి ఉయ్యాలో. పక్కల పండుకున్నోడు ఉయ్యాలో. పలుకలేదమ్మ ఉయ్యాలో.

వాళ్ల సురేశ్ ఇంట్లోనే పుట్టాడు. ఎంత తేలిక కాన్పంటే మా ఎల్లవ్వ నోరు గూడ తెరవలేదు, పొద్దున లేచి చూస్తే కొడుకు అని దేవదాస్ ఇరవయ్యేళ్లుగా అందరికీ గొప్పగా చెబుతున్నాడు. నిన్న మొన్న కూడా చెప్పాడు.

మోకాలి మీద అతని చెయ్యి ఆగిపోయింది. భార్య పెదాల మీంచి చూపు తీసి, పక్క మెట్టు మీది ఆడమనిషి పెదాలు చూశాడు, గడపలో కోడలి పెదాలు చూశాడు, మళ్లీ ఎల్లవ్వను చూశాడు. ఆమె అప్పటికే బియ్యంలో రాళ్లు ఏరుకుంటోంది.

"ఇదెప్పుడు పెట్టిండ్రు బావా?" అన్నాడు దేవదాస్. ఎంత గట్టిగా అన్నాడో, చాలీలో ఆడవాళ్లందరూ పాట ఆపి అతని వైపు తిరిగారు.

"మనం పక్కన్నే ఉన్నప్పుడు" అన్నాడు ముత్యం.